ఓడ అడుగున తలుపులు

పాత పడవ కొన్నవాడు ఇంజను చప్పుడు విని మురిసిపోతాడు. కాని అతని ప్రాణాలు ఆధారపడి ఉండేది నీటిమట్టానికి దిగువన, చీకటిలో, ఎవరూ తొంగిచూడని నాలుగైదు కుళాయిల మీద.

1919వ సంవత్సరం జూన్ 21వ తేదీ. స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఓర్క్నీ దీవుల నడుమ, స్కాపా ఫ్లో అనే విశాలమైన రేవులో 74 జర్మన్ యుద్ధనౌకలు లంగరు వేసి ఉన్నవి. మొదటి ప్రపంచ యుద్ధం ఆగి ఏడు నెలలైంది. ఓడిన దేశపు నౌకలను ఎవరెవరు పంచుకోవాలన్న విషయమై విజేతలు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. కాపలా ఉన్న బ్రిటిష్ దళంలో అధికభాగం ఆ ఉదయం విన్యాసాల కోసం బయటి సముద్రంలోకి వెళ్ళింది. అదను చూసి జర్మన్ అడ్మిరల్ లుడ్విగ్ ఫాన్ రాయ్టర్ ముందుగా అనుకున్న సంకేతం ఇచ్చాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి మొదటి మహానౌక పక్కకు ఒరిగి మునిగింది. సాయంకాలానికి 52 ఓడలు అడుగుకు చేరినవి. వాటిని ముంచినవి ఫిరంగులు కావు, టార్పెడోలు కావు. ఓడల నిత్యావసరాల కోసం వాటిని కట్టినవారే అడుగుభాగాన అమర్చిన కుళాయిలు! నావికులు వాటిని తెరిచారు. తిరిగి ఎవరూ మూయకుండా పిడులను సముద్రంలో పారవేశారు. మిగిలిన పని సముద్రం చూసుకున్నది.

ఓడ మునగడానికి బయటి శత్రువు అక్కరలేదనీ, దాని అడుగున ఉన్న తలుపులే చాలుననీ ఆ ఒక్క పూటలో లోకానికి తెలిసివచ్చింది. మహానౌకకు వర్తించే ఈ సత్యం, కాకినాడలోనో విశాఖపట్నంలోనో చేతులు మారే పాత మరపడవకూ వర్తిస్తుంది. ఒక్కటే తేడా. ఏ కుళాయి ఎక్కడ ఉన్నదో ఆ జర్మన్ నావికులకు క్షుణ్ణంగా తెలుసు. పాత పడవ కొన్నవాడికి తెలియదు.

గోడకు కన్నాలెందుకు?

నీరు చొరకుండా ఉండడమే పడవ ధర్మమైనప్పుడు, దాని పొట్టకు చేతులారా కన్నాలు పెట్టడం ఎందుకు? తెడ్డుతో నడిచే దోనెకు ఆ అవసరం లేదు. ఇంజను వచ్చిన నాటి నుండి అవసరం వచ్చింది. ఇంజను వేడెక్కుతుంది, చల్లబరచడానికి సముద్రపు నీటిని లోపలికి పీల్చుకోవాలి. అందుకొక కన్నం. ఇంజను బిగించిన ఇరుసు ప్రొపెల్లరును తిప్పడానికి వెనుకవైపున బయటికి పోవాలి. అందుకొకటి. చుక్కాని కాడకు మరొకటి. పడవలో మరుగుదొడ్డి ఉంటే నీరు లోనికి రావడానికి ఒకటి, మలినం పోవడానికి ఒకటి. వంటచేసే చోట సింకు నీరు పోవడానికి ఇంకొకటి. పైతట్టు మీద పడ్డ వాననీరు, అలల నీరు దిగడానికి గొట్టాలు. పడవ అడుగు పల్లంలో చేరే నీటిని, అంటే నావికుల భాషలో బిల్జి నీటిని, పంపు తోడి బయట పోయడానికి మరొక కన్నం. లోతు కొలిచే పరికరం ఉంటే దానికీ ఒకటి.

ఇట్లా లెక్కిస్తే, చూపులకు చిన్నదైన పడవకు సైతం అరడజనుకు తక్కువ కాకుండా రంధ్రాలు తేలుతవి. వీటిలో కొన్ని నీటిమట్టానికి పైన ఉంటవి, కొన్ని దిగువన. దిగువన ఉన్న ప్రతి గొట్టానికీ, అది పడవ గోడను దాటి లోనికి వచ్చిన చోటనే ఒక వాల్వు ఉండాలి. దానికే సీ కాక్ అని పేరు. లోపల గొట్టం చిట్లినా, పంపు పగిలినా, ఈ ఒక్క కుళాయి కట్టివేస్తే సముద్రం బయటనే నిలిచిపోతుంది. కోటకు దిడ్డితలుపు ఎటువంటిదో పడవకు సీ కాక్ అటువంటిది. అది ఉన్నంతసేపు గొట్టం రబ్బరుదైనా ఫరవాలేదు. అది లేకుంటే, ఉండి కూడా పనిచేయకుంటే, పడవకూ పాతాళానికీ మధ్య మిగిలేది వేలెడు మందం లేని రబ్బరు గొట్టమూ, దాన్ని బిగించిన ఒక రేకు పట్టీయే.

టోరిచెల్లి లెక్క

చిన్న కన్నం నుండి ఎంత నీరు వస్తుందిలే అని చాలామంది అనుకుంటారు. పదిహేడవ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాడు. లోతును బట్టి నీటి వేగం ఉంటుంది. లోతు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. ఆ సూత్రాన్ని పడవకు అన్వయించి చూడవచ్చు.

నీటిమట్టానికి ఒక మీటరు దిగువన 5 సెంటీమీటర్ల వ్యాసం గల కన్నం తెరుచుకున్నదనుకుందాం. నీరు సెకనుకు దాదాపు నాలుగున్నర మీటర్ల వేగంతో దూసుకు వస్తుంది. అంచుల వద్ద ధార కుంచించుకుపోవడాన్ని లెక్కలోకి తీసుకున్నా, సెకనుకు 5 లీటర్లు లోనికి చేరుతవి. అంటే రెండు సెకన్లకు ఒక బకెట్టు. నిమిషానికి 300 లీటర్లు. గంటకు 18 టన్నులు! బకెట్టుతో తోడిపోయబోయే మనిషి ఎంత బలశాలి అయినా పది నిమిషాలు ఆ వేగాన్ని అందుకోలేడు. కన్నం వ్యాసం సగమైతే ప్రవాహం నాలుగో వంతుకు తగ్గుతుంది. అప్పటికీ నిమిషానికి 75 లీటర్లకు పైమాటే.

ఇంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి ఉన్నది. పడవ నిండా నీరు చేరేదాకా ఆగి, అప్పుడు తిన్నగా మునుగుతుందనుకోవడం పొరపాటు. లోపల చేరిన నీరు ఒకచోట నిలువదు. పడవ ఏ పక్కకు ఒరిగితే నీరంతా ఆ పక్కకే పరుగెత్తి, ఒరుగును మరింత పెంచుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసుకొని నడిచి చూసిన వారికి ఈ సంగతి తెలుసు. అందుచేత సగం నిండకముందే పడవ బోర్లపడవచ్చు. ఓడల నిర్మాణశాస్త్రం చదివే విద్యార్థులు తొలినాళ్ళలో నేర్చుకునే పాఠాలలో ఇది ఒకటి.

సముద్రం లేని ఊరిలో ఓడల చదువు

మన దేశంలో ఆ శాస్త్రానికి తొలినాళ్ళ నుండి నెలవైన చోటు, సముద్రపు హోరు వినిపించని ఒక రైల్వే పట్టణం కావడం విశేషం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనాలలో 1951లో మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైంది. మరుసటి సంవత్సరమే, 1952లో, అక్కడ నౌకా నిర్మాణ శాఖ వెలసింది. నమూనా ఓడలను లాగి పరీక్షించే పొడవైన నీటితొట్టె కూడా అక్కడ ఉన్నది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1948 మార్చి 14న, విశాఖపట్నంలో సింధియా వారి నౌకా నిర్మాణశాల నుండి ‘జలఉష’ నీటిలోకి దిగింది. ఓడలు కట్టడం తూర్పుతీరాన మొదలైంది. ఓడలను గురించి చదవడం రైలుపట్టాల నడుమ మొదలైంది.

ఐతే ఖరగ్‌పూర్‌కు ఐ.ఐ.టి. కంటే పాతదైన విద్య ఒకటి ఉన్నది. అది బాయిలరు విద్య. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ నెలకొల్పిన కర్మాగారానికి శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల నుండి తెలుగువారు తండోపతండాలుగా తరలివెళ్ళారు. ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, కళాసీలుగా చేరారు. రైల్వే కాలనీల సరసనే పెరిగిన ఖరిదా వంటి పేటలలో తరతరాలుగా తెలుగు మాట వినిపిస్తూనే ఉన్నది. ‘కళాసీ’ అన్న మాటే గమనించదగినది. ఓడ మీద తాళ్ళు లాగేవాడూ కళాసీయే, రైల్వే షెడ్డులో ఫిట్టరుకు చేయందించేవాడూ కళాసీయే.

ఈ పోలిక మాటతో ఆగదు. ఆవిరి ఇంజను ఫిట్టరుకు పడవ అడుగున ఉన్న గొట్టాల సంగతి చెప్పవలసిన పనిలేదు. బాయిలరు, పడవ రెండూ ఒకే సమస్యకు రెండు ముఖాలు. బాయిలరులో పీడనం లోపల ఉంటుంది, బయటికి రానీయరాదు. పడవకు పీడనం బయట ఉంటుంది, లోనికి రానీయరాదు. మన రైళ్ళను దశాబ్దాల తరబడి లాగిన డబ్ల్యు.జి. రకం ఇంజను బాయిలరులో ఆవిరి, చదరపు సెంటీమీటరుకు 14 కిలోలకు మించిన ఒత్తిడితో ఉండేది. సముద్రంలో రమారమి 140 మీటర్ల లోతున ఉండే ఒత్తిడి అది! అటువంటి బాయిలరు గోడకు నీరు లోనికి పంపే గొట్టం తగిలించాలంటే, కలిసే చోటనే ఒక క్లాక్ వాల్వు ఉంటుంది. నీటిని లోనికి పోనిస్తుంది కాని వెనక్కు రానీయదు. మూతపడినప్పుడల్లా ‘క్లాక్’ మని చప్పుడు చేస్తుంది గనుకనే దానికా పేరు. నీటి మట్టాన్ని చూపే గాజుగొట్టం పగిలితే వెంటనే కట్టివేయడానికి దానికి పైనా కిందా కుళాయిలు. పీడనానికి ఎదురుగా కన్నం పెడితే, ఆ కన్నం దగ్గరే కాపలా ఉంచు. ఆవిరి ఇంజనుకు ఇదే నియమం, ఓడకూ ఇదే నియమం.

మరొక ఆచారం కూడా ఆ షెడ్డుల నుండి నేర్చుకోదగినది. బాయిలరు ప్రతి కుళాయినీ నియమిత కాలంలో విప్పి, శుభ్రం చేసి, తిప్పి చూసి, పుస్తకంలో రాసేవారు. పనిచేస్తున్నట్లు కనబడుతున్నది గదా అని వదిలివేసేవారు కారు.

చిక్కుముడి విప్పడం

ఇక పాత పడవ సంగతి. విశాఖ రేవులో ‘సోనా’ బోట్లని పిలిచే మరపడవలైనా, విదేశాలలో విహారానికి వాడే పడవలైనా, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారేసరికి వాటి లోపలి గొట్టాలు ఒక చిక్కుముడి అవుతవి. మొదటివాడు పెట్టిన మరుగుదొడ్డిని రెండవవాడు తీసివేస్తాడు, గొట్టానికి గుడ్డపీలిక కుక్కి వదులుతాడు. మూడవవాడు రెండవ పంపు పెట్టి, దాని గొట్టాన్ని దొరికిన కన్నానికి తగిలిస్తాడు. ఎవరూ పటం గీయరు. అమ్మేవాడికే తెలియని విషయం కొనేవాడికి ఎవరు చెబుతారు?

అనుభవజ్ఞులు అనుసరించే పద్ధతి చాలా సులువైనది. దానికి కావలసినవి ఒక సుద్దముక్క, ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక.

పడవ ఒడ్డుకెక్కి ఉన్నప్పుడే పని ఆరంభించాలి. ముందు లోపలికి పోరాదు. బయట చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి కన్నానికీ సుద్దతో ఒక అంకె వేయాలి. నాచు, నత్తగుల్లలు పట్టి కొన్ని కప్పబడి ఉండవచ్చు; గీకి చూడాలి. రంగు పూతల కింద దాగినవి కూడా ఉంటవి. నీరు ఎంతవరకు తడుపుతుందో ఆ గీతకు ఏవి పైన, ఏవి కింద అన్నది పక్కనే రాసుకోవాలి.

తరువాత లోపలికి దిగి, బయట ఎన్ని అంకెలున్నవో లోపలా అన్ని దొరికేదాకా వెదకాలి. ఇక్కడే అసలు శ్రమ. బల్లల కింద, ఇంజను వెనుక, ఇంధనం తొట్టె చాటున, చేయి మాత్రమే దూరే సందుల్లో అవి ఉంటవి. బయట ఏడు, లోపల ఆరు తేలినవంటే, కనిపించని ఆ ఏడవదే అందరికంటే ముఖ్యమైనదని గుర్తుంచుకోవాలి. దొరికేదాకా పడవను నీటిలోకి దించరాదు.

ప్రతి గొట్టాన్నీ కన్నం వద్ద మొదలుపెట్టి చివరిదాకా చేతితో తడుముతూ పోవాలి. కళ్ళను నమ్మరాదు. ఒకే రంగు గొట్టాలు రెండు ఒక గోడలో దూరి, అవతల స్థానాలు మార్చుకొని రావచ్చు. అనుమానం తీరకుంటే మన వంటింటి ఉపాయం ఉండనే ఉన్నది. సింకులో కొంచెం పసుపునీళ్ళు పోసి, బయట ఏ అంకె నుండి పచ్చగా కారుతుందో చూస్తే చాలు. గొట్టం మీద పదే పదే అంకె రాసిన పట్టీ అతికించాలి. చివరకు అన్నిటినీ ఒక కాగితం మీద బొమ్మగా గీసి, చుక్కాని పట్టేవాడి కళ్ళెదుట గోడకు అంటించాలి. అర్ధరాత్రి, దీపం లేనప్పుడు, కాళ్ళకింద నీళ్ళు తగిలిన క్షణాన ఆ పటం విలువ తెలుస్తుంది.

తిరిగే చక్రం, కదలని తలుపు

గొట్టాలు తెలిసిన తరువాత వాల్వులను పరీక్షించాలి. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. గేటు వాల్వుకు ఇంటి నీళ్ళ పైపు మీద ఉండే వంటి గుండ్రని చక్రం ఉంటుంది. దాన్ని చాలా చుట్లు తిప్పితే లోపల ఒక లోహపు పలక దిగి దారి మూస్తుంది. బాల్ వాల్వులో నడిమికి తొలిచిన గుండు ఒకటి ఉంటుంది; పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్లు, గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్లు. చీకటిలో చేయి పెట్టినా తెలుస్తుంది.

గేటు వాల్వు చేసే మోసం వేరు. ఉప్పునీటికి లోపలి పలకను పట్టి ఉంచే కాడ తినివేయబడుతుంది. పైన చక్రం హాయిగా తిరుగుతుంది. తిప్పినవాడు మూశాననుకుంటాడు. లోపల పలక కదలనే కదలదు. లేదా దాని కింద చిన్న గులకరాయో, తుప్పు పెచ్చో అడ్డుపడి సగంలో ఆగుతుంది. పైనుండి చూసి అది మూసి ఉన్నదో తెరిచి ఉన్నదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నీటి దిగువ కన్నాలకు గేటు వాల్వులు పనికిరావని తెలిసినవారు చెబుతారు.

లోహం కూడా ముఖ్యమే. ఇంట్లో ఇత్తడి బిందె మూడు తరాలు నిలుస్తుంది గదా అని, బజారులో దొరికే ఇత్తడి కుళాయిని పడవకు బిగించేవారున్నారు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పునీటిలో అందులోని జింకు మెల్లమెల్లగా కరిగిపోతుంది. మిగిలేది ఆకారం మాత్రం చెడని, గులాబి ఛాయ తిరిగిన, స్పంజి వంటి రాగి. పైకి కుళాయి కుళాయివలెనే ఉంటుంది. గట్టిగా పట్టి తిప్పితే బిస్కెట్టులా విరిగి చేతికి వస్తుంది. కంచు అట్లా కాదు. అది రాగి, తగరాల కూడిక. అందుకే సముద్రపు పనికి తరతరాలుగా కంచు వాడుతూ వచ్చారు. ఈనాడు ఉప్పునీటికి ఓర్చే ప్రత్యేకమైన ఇత్తళ్ళు, గట్టి ప్లాస్టిక్కులు కూడా వచ్చినవి. పాత పడవలో ఉన్నది ఏదో తెలియకుంటే, ఒకచోట గీకి రంగు చూడాలి. చిన్న సుత్తితో తట్టి వినాలి. మంచి లోహం ఖంగున మోగుతుంది. చచ్చిన లోహం మొద్దుగా పలుకుతుంది.

రబ్బరు గొట్టాన్ని వాల్వుకు బిగించే చోట ఒకటి బదులు రెండు పట్టీలు వేయాలి. ప్రతి వాల్వు పక్కనా, దాని కన్నానికి సరిపోయే మెత్తని కొయ్యతో చేసిన కోసు బిరడాను దారంతో కట్టి ఉంచాలి. వాల్వే ఊడివచ్చిన రోజున, ఆ బిరడాను కన్నంలో పెట్టి సుత్తితో కొడితే, కొయ్య నీటికి ఉబ్బి బిగుసుకుంటుంది. నాలుగు డబ్బుల బిరడా లక్షల పడవను కాపాడుతుంది.

కట్టిన చోటనే మునిగే పడవలు

విహార పడవలకు బీమా చేసే పాశ్చాత్య సంస్థల అనుభవం ఒకటి ఆశ్చర్యం గొలుపుతుంది. సముద్రంలో నడుస్తూ మునిగిన వాటికంటే, రేవులో కట్టి ఉంచగా మునిగినవే ఎక్కువ. తుఫాను లేదు, బండరాయి లేదు. యజమాని ఇంట్లో నిద్రపోతుండగా పడవ కూడా నిద్రలోనే పోతుంది.

దీనికి తరచు కారణమయ్యే దొంగ ఒకడున్నాడు. వాడి పేరు సైఫను. కిరోసిను డబ్బాలో రబ్బరు గొట్టం పెట్టి ఒకసారి నోటితో పీల్చి వదిలితే, ఇక డబ్బా ఖాళీ అయ్యేదాకా ధార ఆగదు. పడవలోనూ అదే జరుగుతుంది. నీటిమట్టానికి దిగువన ఉన్న మరుగుదొడ్డికి సముద్రం నుండి నీరు తోడిన తరువాత పంపు ఆపినా, అందులోని రబ్బరు మూత అరిగి ఉంటే ధార సన్నగా సాగుతూనే ఉంటుంది. ఇక్కడ సముద్రమే డబ్బా. పడవే ఖాళీ పాత్ర. తెల్లవారేసరికి పాత్ర నిండుతుంది. దీనికి మందు తేలికైనది. గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి వంకీ తిప్పి, ఆ శిఖరాన గాలి చొరబడే చిన్న వాల్వు పెడితే సైఫను తెగిపోతుంది. అంతకంటే తేలికైనది, పడవ దిగేటప్పుడు సీ కాక్ కట్టివేయడం.

మూసి ఉన్నదని చెప్పిన కుళాయి

వాల్వు తెరిచి ఉండడం కంటే, మూసి ఉన్నదని భ్రమింపజేయడం ఎంత దారుణమో 1939లో రెండు వారాల వ్యవధిలో రెండు దేశాలకు అనుభవమైంది.

మే 23న అమెరికా జలాంతర్గామి ‘స్క్వాలస్’ పరీక్షార్థం నీట మునిగింది. ఇంజన్లకు గాలినిచ్చే పెద్ద వాల్వు మూతపడిందని లోపలి పలక మీద ఆకుపచ్చ దీపం చెప్పింది. వాల్వు మూతపడలేదు. సముద్రం ఆ మార్గాన ఇంజను గదులలోకి విరుచుకుపడి 26 మందిని బలిగొన్నది. సముద్రపు అడుగున చిక్కుకున్న తక్కిన 33 మందిని, గంట ఆకారపు రక్షణ పరికరాన్ని దించి కాపాడగలిగారు.

తొమ్మిది రోజుల తరువాత, జూన్ 1న, ఇంగ్లండులోని లివర్‌పూల్ అఖాతంలో కొత్త జలాంతర్గామి ‘థీటిస్’ తొలిసారి మునిగి చూడబోయింది. కట్టిన కంపెనీ పనివారు కూడా ఎక్కడంతో లోపల 103 మంది ఉన్నారు. ముందుభాగంలోని టార్పెడో గొట్టాలలో నీరున్నదా లేదా అని ఒక అధికారి పరీక్షించవలసి వచ్చింది. ప్రతి గొట్టం లోపలి తలుపుకు అందుకోసం ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే నీరు చిమ్మితే గొట్టం నిండి ఉన్నట్లు, రాకుంటే ఖాళీ. ఐదవ గొట్టం కుళాయి తిప్పారు. చుక్క రాలేదు. తలుపు తెరిచారు. సముద్రం లోనికి దూకింది.

ఆ గొట్టం బయటి మూత తెరిచే ఉన్నది. గొట్టం నిండా నీరే ఉన్నది. కుళాయి ఎందుకు చెప్పలేదు? లోపల పూసిన రంగు దాని సన్నని రంధ్రంలోకి పోయి గడ్డకట్టింది! రంధ్రాన్ని పొడిచి శుభ్రం చేయడానికి ఒక సన్నని సాధనం ఉండనే ఉన్నది, దాన్ని వాడలేదు. బయటి మూతల స్థితి చూపే ముల్లు కూడా, ఐదవ దానికి మాత్రం పక్కదానికి అద్దంలో ప్రతిబింబంవలె తిరగబడి ఉండేది. వెనుకభాగం నీటిపైన కనిపిస్తూ ఉండగానే, లోపలి గాలి చెడి 99 మంది మరణించారు. నలుగురు మాత్రమే బయటపడ్డారు.

చుక్క రాని కుళాయిని నమ్మరాదని, అది ఖాళీ అని చెబుతున్నదా లేక మూగబోయిందా అని ముందు తేల్చుకోవాలని థీటిస్ నేర్పింది. ఆ తరువాత బ్రిటిష్ జలాంతర్గాముల టార్పెడో తలుపులకు, మొదట సన్నని సందు మాత్రమే ఇచ్చే ప్రత్యేకమైన బిగింపు పెట్టారు. దానికి థీటిస్ పేరే నిలిచిపోయింది.

1963 ఏప్రిల్ 10న అమెరికా అణు జలాంతర్గామి ‘థ్రెషర్’ 129 మందితో అట్లాంటిక్‌లో అదృశ్యమైంది. సముద్రపు నీటి గొట్టంలో ఒక అతుకు విడివడడమే బహుశా ఆరంభమని విచారణ సంఘం భావించింది. ఆ ఏడే అక్కడి నౌకాదళం ఒక కఠిన నియమావళి తెచ్చింది. సముద్రాన్ని తాకే ప్రతి గొట్టానికీ, ప్రతి అతుకుకూ, ప్రతి వాల్వుకూ చరిత్ర రాసి ఉండాలి: ఏ లోహం, ఎవరు బిగించారు, ఎవరు పరీక్షించారు. ఆ నియమావళి కింద ధ్రువపత్రం పొందిన జలాంతర్గామి ఒక్కటి కూడా ఆ తరువాత మునిగిపోలేదు. పడవ యజమాని నోటుపుస్తకంలో రాసుకునే లెక్కకూ, ఆ మహాగ్రంథానికీ సారం ఒక్కటే.

విశాఖ ఒడ్డున

ఈ గొట్టాల ప్రపంచాన్ని కళ్ళారా చూడదలచిన తెలుగువారు దూరం పోనక్కరలేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ‘కుర్సురా’ 1971 యుద్ధకాలంలో సేవ చేసి, 2001లో విరమించింది. 2002 నుండి విశాఖపట్నం రామకృష్ణ బీచిలో ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. 91 మీటర్ల పొడవున్న దాని కడుపులో నడిచేవారికి తలపైనా, పక్కలా, కాళ్ళ దగ్గరా ఎక్కడ చూసినా గొట్టాలే. చేతికి తగిలిందల్లా ఒక వాల్వు చక్రమే. పిల్లలు వాటిని ముట్టుకొని నవ్వుతారు. ఆ ఇరుకున నెలల తరబడి బతికిన నావికుడికి మాత్రం ప్రతి చక్రమూ పేరుపేరునా తెలిసి ఉండాలి. దీపాలు ఆరిపోయినా చేయి తిన్నగా దాని మీదికే పోవాలి.

చిన్న పడవ యజమానికి అంత విద్య అక్కరలేదు. అతనికి ఉన్నవి ఆరేడు కుళాయిలే. నెలకొకసారి ప్రతి దాన్నీ మూసి తెరిస్తే అవి బిగుసుకుపోవు. ఏడాదికొకసారి పడవ ఒడ్డెక్కినప్పుడు విప్పి చూసి గ్రీజు పెడితే ఏళ్ళ తరబడి పనిచేస్తవి. ఇంజను స్టార్టు చేసే ముందు నీటి వాల్వు తెరిచానా అని చూసుకోవాలి. లేకుంటే నీరందక ఇంజను కాలిపోతుంది. తాళంచెవిని ఆ వాల్వు పిడికే తగిలించి ఉంచుకునే పడవవాళ్ళున్నారు. వాల్వును ముట్టనిదే తాళం చేతికి రాదు.

ఇక సాయంత్రం, చేపల బుట్టలు దించి, తాళ్ళు కట్టి, ఇంటిదారి పట్టే ముందు ఇంకొక్క పని. దీపం ఆర్పి వీధి తలుపు వేసుకున్నట్లే, పడవ అడుగుకు వంగి ఆ తలుపులు కూడా వేయాలి. అన్నీ వేయడానికి పట్టేది రెండు నిమిషాలు.